భానుమతి గారి గొంతు

నిన్న రాత్రి అమ్మమ్మ పక్కన కూర్చుని 'మల్లీశ్వరి' చూశాను. 1951 నాటి సినిమా. భానుమతి గారి పాట మొదలవగానే అమ్మమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. పాట అయ్యేదాకా మళ్ళీ ఈనె తీయలేదు. "అది ఆవిడ గొంతేనే, అరువు గొంతు కాదు" అంది.

ఆ మాట నన్ను రాత్రంతా వదల్లేదు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన అమ్మాయి, 1939లో 'వరవిక్రయం'తో తెరమీదకొచ్చింది. తన పాటలు తనే పాడుకుంది. భర్త రామకృష్ణ గారితో కలిసి భరణి సంస్థ పెట్టి, కొడుకు పేరే దానికి పెట్టుకుంది. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసింది. నటించిందీ ఆవిడే, దర్శకత్వమూ ఆవిడదే! ఈ రోజుల్లో ఒక్క భాషలో తీయడానికే ఎంత టెన్షనో కదా. పైగా కథలు కూడా రాసింది. అత్తగారి కథలు మా ఇంట్లో అట్ట చిరిగిపోయేదాకా చదివారు.

నాకైతే అన్నిటికన్నా నచ్చేది ఆవిడ చూపు. హీరో ఎదురుగా ఉన్నా తల వంచని చూపు. అమ్మమ్మ కూడా చిన్నప్పుడు అద్దం ముందు అలా చూడటం ప్రాక్టీస్ చేసేదట. నిన్ననే చెప్పింది, ఇన్నేళ్లకి.