మేకు కొట్టడానికి ఎవరినడగాలి

అద్దింట్లో గోడకి మేకు కొట్టకూడదు. రాజమండ్రిలో నేను పెరిగిన ఇళ్ళన్నిట్లోనూ మొదటి చట్టం ఇదే. క్యాలెండరుని కూడా మా అమ్మ కిటికీ ఊచకి కట్టేది. రాత్రి పొద్దుపోయాక మోటారు వెయ్యమని ఓనరుగారిని అడగకూడదు. చుట్టాలు వచ్చి నాలుగు రోజులు ఉంటారంటే ఆవిడకి ముందే చెప్పుకోవాలి. వానాకాలంలో స్లాబు కారితే కింద తప్పేలా పెట్టుకుని ఊరుకోవాలి. పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యాక అద్దె పెంచుతారో, పొమ్మంటారో తెలియదు కాబట్టి నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను సూట్‌కేసులో పెట్టుకుని లండన్ తెచ్చుకున్నాను.

అందుకే మా ఫ్లాటుకి ఓనరైన కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) నుంచి ఉత్తరం వచ్చినప్పుడు నాకు సంతోషం కంటే ముందు భయమేసింది. వంటిల్లు, బాత్రూము మారుస్తారట, పాత వైరింగు తీసి కొత్తది వేస్తారట. పని జరుగుతుండగా ఇంట్లోనే ఉంటారా, తాత్కాలికంగా వేరే ఫ్లాటుకి వెళ్తారా చెప్పండి అని రాశారు. మన దగ్గర ఓనరు ‘ఇల్లు బాగు చేయిస్తున్నానమ్మా’ అన్నాడంటే ఖాళీ చెయ్యమని మర్యాదగా చెప్పినట్టే కదా! ఆ ఉత్తరాన్ని మా పెద్దది మాత్రం హాల్లో నిలబడే చదివేసి, “వంటింటికి ఏ రంగు తలుపులు కావాలో మనమే ఎంచుకోవచ్చట” అంది. దానికి 15 ఏళ్ళు. అద్దింట్లో ఉంటున్నామన్న సంగతి తెలుసుగానీ, అద్దింటి బెరుకంటే ఏమిటో దానికి తెలియదు.

మనవాళ్ళలో కౌన్సిల్ ఫ్లాట్లలో ఉండేవాళ్ళు తక్కువ, ఉన్నా చెప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ. వర్క్ వీసా మీద ఉన్నంతకాలం కౌన్సిల్ ఇంటికి అర్హతే ఉండదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక అప్లై చేసుకుని, లండన్‌లో అయితే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. మాకు దొరికింది తూర్పు లండన్‌లో 1960లలో కట్టిన ఒక టవర్‌లో. మా అమ్మకి ఫోన్‌లో చెబితే, “మన టిడ్కో ఇళ్ళలాంటిదా?” అని అడిగింది. దాదాపు అంతేనమ్మా, కానీ ఇది సొంతం కాదు, నెలనెలా అద్దె కట్టాలి అన్నాను. “మరదేం గవర్నమెంటు ఇల్లే!” అంది. మా అత్తగారు మాత్రం చుట్టాలకి ‘లండన్‌లో ఫ్లాటు’ అని చెప్పి అక్కడితో ఆపేస్తారు.

ఉండడమా, వెళ్ళడమా అన్నది తేలడానికి చాలా రోజులు పట్టింది. ఇలా పని కోసం అద్దెదారుని వేరేచోటికి పంపడాన్ని ఇక్కడ డీకాంట్ అంటారు. మన టెనెన్సీ అలాగే ఉంటుంది, మనం కట్టే అద్దె మారదు, సామాను తరలించే ఖర్చు వాళ్ళదే. కాగితం మీద బాగానే ఉంది. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మాత్రం లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని, వెళ్ళకు, వెళ్తే తిరిగి రావు అని మరీ చెప్పింది. ఈ ఊళ్ళో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. థేమ్స్‌కి దక్షిణాన ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర 1974లో పూర్తయిన హేగేట్ ఎస్టేట్ అనే కౌన్సిల్ ఫ్లాట్ల సముదాయంలో వెయ్యికి పైగా కుటుంబాలుండేవి. అందర్నీ ఖాళీ చేయించి, 2014 నాటికి మొత్తం కూల్చేశారు. ఆ స్థలంలో లేచిన కొత్త బిల్డింగుల్లో పాత కౌన్సిల్ అద్దెకి దొరికేవి చాలా కొద్ది. ఆ తర్వాత జనం గొడవ చెయ్యగా చెయ్యగా, 2018 నుంచి లండన్‌లో మేయరు నిధులతో ఎస్టేట్లు పడగొట్టి కట్టాలంటే ముందు అక్కడివాళ్ళ ఓటింగు జరగాలని షరతు పెట్టారు. మాది కూల్చడం కాదు, మరమ్మతే. అయినా మా పెద్దది కౌన్సిల్‌కి మెయిల్ రాసింది. వెళ్తే ఇదే ఫ్లాటుకి తిరిగి వచ్చే హక్కుందని రాతపూర్వకంగా ఇవ్వండి, ఎన్నాళ్ళు పడుతుందో రాయండి అని. మా ఆయన ఆ మెయిల్ చదివి, “ఇది అడుగుతోందా, నోటీసిస్తోందా?” అన్నారు.

రాతపూర్వకంగా ఇచ్చారు! తీరా చూస్తే వాళ్ళు చూపించిన ఫ్లాటు దీని స్కూలుకి రెండు బస్సుల దూరం. వచ్చే ఏడాది జీసీఎస్ఈ పరీక్షలు, మన టెన్త్ లాంటివి. ఇంట్లోనే ఉండి పడదాం అనుకున్నాం.

పని మొదలవక ముందు ఒక సర్వేయరు వచ్చాడు. పిల్లల గదిలో బీరువా వెనక గోడంతా నల్లగా బూజు. నేను ప్రతి చలికాలం బ్లీచ్ పెట్టి తుడుస్తూనే ఉన్నాను, అది మళ్ళీ వస్తూనే ఉంది. అతను తడి కొలిచే మీటరు గోడకి ఆనించి చూసి, వంటింట్లోకి తొంగి చూసి, మీరు చాలాసేపు ఉడకబెడతారా, బట్టలు ఇంట్లో ఆరేస్తారా, కిటికీలు తెరుస్తారా అని మొదలుపెట్టాడు. నేను అన్నిటికీ తల ఊపుతున్నాను. ఔను, పప్పు ఉడుకుతుంది. ఔను, పదో అంతస్తులో బట్టలు ఇంట్లోనే ఆరతాయి. నేరం ఒప్పుకుంటున్నట్టే ఉంది నా వరస. సోఫాలో కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న మా పెద్దది తల ఎత్తకుండానే, బయటి గోడ లోపల చల్లగా ఉండడం వల్ల కూడా బూజు వస్తుంది కదా, అది చూశారా అంది. తర్వాత తల ఎత్తి, అవాబ్ లా ప్రకారం పరిశోధన రిపోర్టు మాకు కాగితం మీద ఇవ్వాలి కదా అంది.

అవాబ్ ఇషాక్ రెండేళ్ళ పిల్లాడు. రోచ్‌డేల్‌లో హౌసింగ్ అసోసియేషన్ (కౌన్సిల్ లాగే తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థ) ఫ్లాటులో బూజు పీల్చి పీల్చి 2020 డిసెంబరులో చనిపోయాడు. వాళ్ళ నాన్న ఎన్నిసార్లు చెప్పుకున్నా గోడకి రంగేసుకోమన్నారు. ఆ కుటుంబం బతికే పద్ధతే కారణమని తాము ఊహించుకున్నామని, అది తప్పని ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. ఆ పిల్లాడి పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో, ప్రమాదకరమైన తడీ బూజూ అయితే 10 పనిదినాల్లోపు వచ్చి చూడాలి. చూశాక ఏం తేలిందో 3 పనిదినాల్లో రాసివ్వాలి. ఇదంతా నాకు మా అమ్మాయి చెబితేనే తెలిసింది. స్కూల్లో సిటిజన్‌షిప్ క్లాసులో చెప్పారట.

సర్వేయరు వెళ్ళాక దాన్ని కోప్పడ్డాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరడమేమిటి, ఆయన మన ఇంటికొచ్చిన మనిషి అని. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. “నువ్వు సారీ ఎందుకు చెప్పావమ్మా?” అని మాత్రం అడిగింది. అతన్ని పంపించేటప్పుడు తలుపు దగ్గర నేను సారీ చెప్పానట. దేనికి చెప్పానో నాకూ గుర్తు లేదు. ఇక్కడ పిల్లల్ని పెంచే మనబోటివాళ్ళకి తెలుగు రాదేమోనని, పెసరట్టు తినరేమోనని బెంగ. నాకు ఆ రోజు నుంచి ఇంకో బెంగ పట్టుకుంది. నేను బతకడానికి నేర్చుకున్న అణకువని దీనికి నేర్పాలా వద్దా? నేర్పకపోతే రేపు రాజమండ్రి వెళ్ళినప్పుడు మా పెద్దనాన్న ముందు ఇలాగే మాట్లాడుతుంది. నేర్పితే, తన గోడ మీద బూజుకి తనే క్షమాపణ చెప్పుకుంటుంది.

పని జరిగినన్నాళ్ళూ ఇల్లు ఇల్లులా లేదు. రైస్ కుక్కరు మా పడకగదిలో, మైక్రోవేవ్ హాల్లో ఇస్త్రీ బల్ల మీద. అంట్లు బాత్‌టబ్బులో తోమాను. బాత్రూము పని మొదలయ్యాక, అప్పటికింకా పూర్తికాని వంటింటి సింకులో అందరం మొహాలు కడుక్కున్నాం. పొద్దున నీళ్ళు ఆపితే సాయంత్రం దాకా లేవు. బిందెలు లేని కొంపలో బిందెల విలువ అప్పుడు తెలిసింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి లేకపోతే ఏమైపోయేవాళ్ళమో! హాలు సీలింగు మీద గరుకు పూతలో, వంటింటి పాత నేల టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉందని పరీక్షలో తేలింది. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. అందుకే ఇంత పాత ఫ్లాటులో గోడకో సీలింగుకో డ్రిల్లు పెట్టే ముందు కౌన్సిల్‌ని అడగాలంటారు. మేకు కొట్టొద్దనడానికి మా ఓనరుగారి సున్నం కంటే ఇది గట్టి కారణమే. ఆ పని జరిగిన రోజుల్లో మమ్మల్ని పొద్దున్నే బయటికి పంపేస్తే సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చున్నాం.

టైల్స్ వేసిన అబ్బాయి రొమేనియా నుంచి వచ్చాడు. నేను పూటపూటా టీ పెట్టిచ్చి, శుక్రవారం పులిహోర పెట్టాను. మా చిన్నోడికి ఇది వింత. “ఆయన పనికి డబ్బులిస్తారు కదా, మనం ఎందుకు పెట్టాలి?” అన్నాడు. పక్కన కూర్చుని తింటున్న మనిషికి వినపడకుండా వాణ్ణి లోపలికి లాక్కెళ్ళాల్సొచ్చింది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడను. ఇంటికొచ్చి చెమటోడ్చే మనిషికి మంచినీళ్ళిచ్చి ఏదో ఒకటి చేతిలో పెట్టడానికి ఏ చట్టమూ చెప్పక్కర్లేదు. రెండో వారానికి టీ కప్పులు చిన్నోడే పట్టుకెళ్ళాడు.

స్టవ్ మనమే కొనుక్కోవాలి. ఇక్కడ గ్యాసు లేదు, ఎందుకు లేదో కూడా మా పెద్దదే చెప్పింది. కానింగ్ టౌన్‌లో రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల టవర్ ఉండేదట. జనం చేరి అప్పటికి రెండు నెలలే అయింది. 1968 మే 16న తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒకావిడ టీ కోసం అగ్గిపుల్ల గీస్తే, లీకైన గ్యాసు అంటుకుని పేలింది. ఒక మూలంతా కింద దాకా పేకముక్కల్లా కూలిపోయింది, నలుగురు చనిపోయారు. ముందే పోతపోసిన సిమెంటు పలకలు పేర్చి కట్టిన ఇలాంటి టవర్లు చాలావాటికి ఆ తర్వాత గ్యాసు తీసేశారు. మా ఆయన ఇండక్షన్ కొందామన్నారు. దాని మీద అయస్కాంతం అతుక్కునే గిన్నెలే పనికొస్తాయి. చిన్నోడు ఫ్రిజ్ మీదున్న చార్మినార్ మ్యాగ్నెట్ పీకి గిన్నె గిన్నెకీ పెట్టి చూస్తూ ‘పాస్, ఫెయిల్’ అని అరుస్తూ ఇల్లంతా తిరిగాడు. ఇనప దోసె పెనం పాస్. అల్యూమినియం ప్రెషర్ కుక్కరు ఫెయిల్. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నె ఫెయిల్. ఆ గిన్నెలో ఇప్పుడు ఉల్లిపాయలు వేసుకుంటున్నాం.

బాత్రూములో హ్యాండ్ జెట్ పెట్టుకుంటామని అర్జీ పెడితే, మురికినీరు మంచినీళ్ళ పైపులోకి ఎదురెక్కే ప్రమాదం ఉందని నీటి నిబంధనలు చెప్పి కాదన్నారు. మగ్గే దిక్కు.

గుమ్మం సంగతి ఇంకో కథ. అరగంటసేపు మంటల్ని ఆపే కొత్త తలుపు పెట్టారు. తలుపుకీ చట్రానికీ చిన్న మేకు కూడా కొట్టకూడదు, కొడితే ఆ అరగంట హామీ పోతుంది. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయాక ఇలాంటివి చాలా పట్టుదలగా చూస్తున్నారు. బయట కారిడార్లో చెప్పుల స్టాండు కూడా తీసేయమన్నారు. మరి మామిడి తోరణం? మన కొట్లుండే ఈస్ట్ హామ్ నుంచి ఆకులు తెచ్చి, గోడకి అతికించే హుక్కులు లోపలి వైపు పెట్టి కట్టాం. వచ్చేవాళ్ళకి కాక ఉన్నవాళ్ళకి కనపడే తోరణం అన్నమాట.

పాలు పొంగించాలని నేనే పట్టుబట్టాను. మనది కాని ఇంటికి ఎందుకని చిన్నోడు అడిగితే, తినేది ఇక్కడే కదరా అన్నాను. పాలు పొంగి అద్దం మీదికి కారగానే బటన్ల మీద తడి తగిలి స్టవ్ కీచుమని అరిచి ఆరిపోయింది. శకునమేమో అని నేను నిలబడిపోతే పిల్లలిద్దరూ నేల మీద పడి నవ్వారు.

ఇంత బాగయ్యాక మా ఆయనకి కొత్త ఆలోచన వచ్చింది, దీన్నే కొనేస్తే పోలే అని. కౌన్సిల్ అద్దెదారులు తామున్న ఇంటిని తగ్గింపు ధరకి కొనుక్కునే హక్కు 1980 చట్టంతో వచ్చింది. 2024 నవంబరులో లండన్‌లో చాలాచోట్ల ఆ తగ్గింపు పరిమితిని లక్షా 36 వేల పౌండ్ల నుంచి 16 వేలకి కోసేశారు కాబట్టి మా జీతాలకి ఎలాగూ అందదు. కానీ మా పెద్దదానికి అందడం అందకపోవడం కాదు గొడవ. ఇంగ్లండ్‌లో 13 లక్షలకి పైగా కుటుంబాలు ఈ ఇళ్ళ కోసం వరసలో ఉన్నాయి, మనమూ ఆ వరసలోంచే వచ్చాం, మనం కొనేస్తే ఒకటి తగ్గుతుంది కదా అంటుంది. సొంతిల్లు లేని మనిషిని మనిషిగా చూడని ఊళ్ళోంచి వచ్చామని వాళ్ళ నాన్న అంటారు. భోజనాల దగ్గర ఈ వాదన తెమలదు. నేను ఏ పక్కో నాకే తెలియక చారు వడ్డిస్తుంటాను.

ప్రస్తుతానికి సింకు కింద అలమర తలుపు ఒకటి సరిగ్గా పడటం లేదు. కాస్త పైకెత్తి నొక్కితే మూసుకుంటుంది. నేను అలాగే అలవాటు పడిపోయాను. అమ్మాయి ఫోటో తీసి మెయిల్ పెట్టింది. మంగళవారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1 లోపు ఎవరో వస్తారట. ఆ రోజు నాది మధ్యాహ్నం షిఫ్టు, కాబట్టి టీ పెట్టడం చిన్నోడికి నేర్పక్కర్లేదు.