నేత్రాణిలో నాలుగు డైవ్‌లు, ఇంకా కారుతున్న మాస్క్

స్కూబా డైవింగ్‌కి కర్ణాటకలోని నేత్రాణి దీవికి వెళ్లి నిన్న రాత్రే వచ్చాను. వెట్‌సూట్ ఇంకా ఆరనేలేదు, కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. రెండు రోజుల్లో నాలుగు డైవ్‌లు చేస్తే నాలుగింటిలోనూ మాస్క్‌లోకి నీళ్లే.

మంచి సంగతులు ముందే చెప్పేస్తాను. మురుడేశ్వర్ నుంచి పడవలో గంటన్నర ప్రయాణం, సముద్రం చెరువులా ఉంది. బరాకుడాల గుంపు, రాతి సందులో మోరే ఈల్, బోలెడన్ని చిలక చేపలు కనిపించాయి. 5 కిలోల బరువుతో బాయెన్సీ (మునగకుండా, తేలిపోకుండా నీళ్లలో నిలవడం) చక్కగా కుదిరింది.

ఇక మాస్క్. మొదటి డైవ్‌లో 4 మీటర్ల దగ్గరే ముక్కుకు ఎడమ పక్కన చల్లగా తగిలింది. 11 మీటర్లకు వెళ్లేసరికి నీళ్లు ఎడమ కంటి కింది రెప్ప దాకా వచ్చేశాయి. డైవ్ కంప్యూటర్ చూస్తూ లెక్కపెడితే మూడు నిమిషాలకోసారి క్లియర్ చేయాల్సి (ముక్కుతో ఊది నీళ్లు బయటికి పంపాల్సి) వస్తోంది. సిలిండర్‌లో 200 బార్ గాలి ఒత్తిడితో దిగి 31 నిమిషాలకే 50కి వచ్చేశాను. ఆ లోతులో మామూలుగా 42 నిమిషాలు ఉంటాను. క్లియర్ చేయడానికి పోయే గాలి కొంచెమే, టెన్షన్‌తో ఊపిరి వేగం పెరగడం వల్లే అంత తేడా వచ్చింది.

రెండో డైవ్‌కి స్ట్రాప్ బిగించాను. పరిస్థితి ఇంకా పాడైంది, స్కర్ట్ (ముఖానికి ఆనే మాస్క్ మెత్తటి భాగం) అంచు మడత పడి రెండు నిమిషాలకోసారి నీళ్లు. నుదుటి మీద ఎర్రటి గీత ఇప్పటికీ ఉంది.

మూడో డైవ్‌కి ముందు ముక్కు కింద 4 మిల్లీమీటర్ల మేర మీసం గీసేసి, సిలికాన్ గ్రీజు సన్నగా పూశాను. క్లియర్ చేసే వ్యవధి ఏడు నిమిషాలకు పెరిగింది. అయితే మీసం రెండు వైపులా ఉన్నప్పుడు ఎడమవైపే ఎందుకు కారాలి? స్నార్కెల్ (నీటి పైన ఊపిరి తీసుకునే గొట్టం) మాస్క్‌ని లాగుతోందేమోనని నాలుగో డైవ్‌లో దాన్నీ తీసేస్తే తొమ్మిది నిమిషాలయ్యాయి. అంతకు మించి కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లో పెట్టుకుని ఫోన్ కెమెరాలో ముఖం చూసుకున్నాను. కొరికి పట్టుకోగానే ఎడమ బుగ్గ పైకి లేచి, ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా గోరు దిగేంత గాడి పడుతోంది. తీసేస్తే గాడి లేదు! కొనేటప్పుడు ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చి చూస్తే బ్రహ్మాండంగా అతుక్కుంది, కానీ అప్పుడు నోట్లో ఏమీ లేదు. రెగ్యులేటర్ గొట్టం (హోస్) కుడి భుజం మీదుగా వచ్చి కుడికి లాగుతుంటే నేను ఎడమ దవడతో గట్టిగా పట్టుకుంటున్నానని నా అనుమానం. ఊపిరి వదిలినప్పుడల్లా మాస్క్ పై అంచు నుంచి చిన్న బుడగలు వస్తున్నాయని నా బడ్డీ (జతగా డైవ్ చేసే తోడు) చెప్పాడు. అంటే ముక్కుతో కూడా వదులుతున్నాను, దాంతో స్కర్ట్ లేస్తోంది.

మాస్క్ మార్చాల్సి వస్తే మళ్లీ ఫ్రేమ్‌లెస్సే (అద్దం నేరుగా స్కర్ట్‌కే అతికి ఉండేది) తీసుకుంటాను. స్నేహితుడి క్రెస్సీ ఎఫ్1 పెట్టి చూశాను, స్కర్ట్ చాలా మెత్తగా ఉంది. స్నార్కెలింగ్‌కైనా ఫుల్‌ఫేస్ మాస్క్ మాత్రం నాకొద్దు, కాస్త కిందికి దిగితే ముక్కు పట్టుకుని చెవుల్లో ఒత్తిడి సరిచేసుకునే వీలుండదు.

వచ్చే వారం పూల్‌లో 2 మీటర్ల దగ్గర ఒక్కో మార్పే పరీక్షిస్తాను. ముందు హోస్‌కి స్వివెల్ (అటూ ఇటూ తిరిగే కీలు), తర్వాత మెత్తటి మౌత్‌పీస్, ఆఖరికి మీసం పూర్తిగా. ఆ తర్వాత రుషికొండలో ఒక డైవ్. అక్కడ క్లియర్ చేయకుండా పది నిమిషాలు దాటితే ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోని టెంపుల్ రీఫ్ అనే డైవ్ స్థలానికి టికెట్ తీస్తాను.