కంచు కంఠం

"అది శివాజీ గణేశన్ గొంతు కాదురా, మన జగ్గయ్యగారిది."

పొద్దున గుంటూరు అరండల్‌పేటలో టిఫిన్ బండి దగ్గర మావయ్య అన్న మాట ఇది. బండివాళ్ల ఫోన్లో ఏదో పాత డబ్బింగ్ సినిమా నడుస్తోంది. మావయ్య బొమ్మ చూడట్లేదు. ప్లేటు పట్టుకుని అటు తిరిగి నిలబడి వింటున్నాడంతే. దోసె చల్లారిపోయింది.

తర్వాత ఏసీ కాలేజీ వైపు నడిచాం. గేటు దగ్గర ఆయన అడుగు నెమ్మదించింది. "ఎన్టీ రామారావుగారూ, జగ్గయ్యగారూ ఇక్కడే చదివార్రా. కలిసి నాటకాలేశారు."

తెనాలి దగ్గర మోరంపూడి మనిషి జగ్గయ్యగారు. ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివారు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకి గెలిచారు, టాగూర్ గీతాంజలిని తెలుగు చేశారు. ఒక్క జీవితంలో ఇన్ని ఎలా పట్టాయో!

నాకైతే 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డే ముందు గుర్తొస్తారు. మనం ద్వేషించాల్సిన తెల్లదొర. కానీ ఆయన నోరు విప్పితే ఆ ద్వేషం కాసేపు పక్కకి తప్పుకుంటుంది. ఎదుటివాడి గొప్పతనం తెలిసినవాడి బరువు ఆ గొంతులో ఉంటుంది. అరుపులుండవు.

అంత పేరున్న నటుడు ఇంకో మహానటుడి పెదాల కదలికకి తన ఊపిరి సర్దుకుని, తన ముఖం కనబడని చోట కూడా అంత ప్రాణం పెట్టడం... దాని గురించే ఆలోచిస్తున్నా పొద్దుట్నుంచీ.

ఇంటికొచ్చాక ఆ సినిమా వెతికి పెట్టమన్నాడు మావయ్య. పెట్టా. ఫోన్ బల్ల మీద బోర్లించి, కళ్లు మూసుకుని వింటున్నాడు ఇప్పుడు.