రెండో గేరులో రెండు కిలోమీటర్లు

పెట్రోలు అయిపోయిన బండిని ఇంకో బండి మీద కూర్చుని కాలితో తోయడం మా పల్నాడు రోడ్ల మీద చాలామందికి వచ్చిన విద్యే. ఆగిపోయిన బండికి కుడిపక్కగా, కాస్త వెనకగా వెళ్లి, మన ఎడమ కాలు వాళ్ల వెనక ఫుట్‌రెస్టుకు ఆనించాలి. సైలెన్సర్‌కు ఆనిస్తే చెప్పు కాలుతుంది. మన గేరు మార్చేది కూడా ఆ కాలే కాబట్టి బంకు ఎంత దూరంలో ఉన్నా రెండో గేరులోనే పోవాలి. ముందున్నవాడు కంగారుపడి బ్రేకు వేయకూడదు. ఈ ముక్క బయల్దేరక ముందే చెప్పాలి. ఒకసారి చెప్పడం మరిచిపోయాను. ఎడమ మోకాలి మీద ఆ గుర్తు ఇంకా ఉంది.

మందుల కంపెనీ ప్రతినిధిగా పదహారేళ్లుగా నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, మాచర్ల తిరుగుతున్నాను. సున్నపు బట్టీల పొగ, నాపరాళ్ల లారీల దుమ్ము, వాటి మధ్య నా పాత స్ప్లెండర్. బ్యాగులో డాక్టర్లకిచ్చే శాంపిళ్ల కింద ఒక స్పానరు, బెత్తెడు రబ్బరు గొట్టం, ఖాళీ నీళ్ల సీసా ఉంటాయి. ఆ సీసాను చూసినప్పుడల్లా మా ఆవిడ ఒకటే మాట అంటుంది: "మీకు దారి పొడవునా చుట్టాలే."

ఆమె అలా అనడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట పిడుగురాళ్ల బైపాస్ దగ్గర ఒక కుటుంబం చెయ్యెత్తి ఆపింది. భార్య, భర్త, చంకలో బిడ్డ. పర్సు ఎవరో కొట్టేశారని, ఊరికి పోవడానికి చార్జీలు లేవని, అడగడానికి సిగ్గుగా ఉందని చెప్పారు. ఐదు వందలిచ్చాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాను కూడా. మూడు వారాల తర్వాత వినుకొండలో అదే భర్త, అదే భార్య, అదే పర్సు. బిడ్డ మాత్రం వేరు. నన్ను గుర్తుపట్టకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పూర్తిగా విన్నాను. చెప్పడంలో బాగా మెరుగుపడ్డాడు.

పోయింది ఐదు వందలే అయితే బాధ లేదు. ఆ తర్వాత రోడ్డు పక్కన ఏ కుటుంబం కనిపించినా నా కంటికి దొంగల్లా కనిపించడం మొదలైంది. అదీ అసలు నష్టం. ఎండ లెక్కలు చెప్పే రోజుల్లో వార్తల్లో తప్పకుండా వినిపించే ఊరు మా రెంటచింతల. ఒక మే నెల మధ్యాహ్నం గురజాల నుంచి అటు పోతుంటే భార్యాభర్తలు, ఏడెనిమిదేళ్ల పిల్లవాడు బండి పక్కన నిలబడి ఉన్నారు. నేను ఆగలేదు. అద్దంలో కూడా చూడకూడదనుకున్నాను, చూశాను. ఆమె కొంగు తీసి పిల్లవాడి నెత్తిన కప్పుతోంది. అప్పుడు తట్టింది, వాళ్లలో ఎవరూ చెయ్యెత్తలేదని. మోసం చేసేవాళ్లు ముందు చెయ్యెత్తుతారు. నిజంగా ఇరుక్కున్నవాళ్లు చాలాసార్లు బండి వైపే చూస్తూ నిలబడతారు. కల్వర్టు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

పెట్రోలు లేదు. అతను అప్పటికే బండిని పక్కకు వంచి, ఊపి, అడుగున మిగిలిన చుక్క కూడా వాడేశాడు. వెనక సీటుకు మిర్చి బస్తా కట్టి ఉంది. అంత బరువును కాలితో తోయడం కుదరదు. బంకుకు వెళ్లి తెద్దామా అంటే సీసాలో పెట్రోలు పొయ్యరు. అందుకే ఆ రబ్బరు గొట్టం. నా బండి ట్యాపు మూసి, కార్బ్యురేటర్‌కు పోయే పైపు ఊడదీసి, గొట్టం తగిలించి సీసాలోకి వదిలాను. సన్నటి ధార. అర లీటరు నిండేలోగా ఆ పిల్లవాడు నా ముందు గొంతుక్కూర్చుని, "అన్నీ పోతే నువ్వెట్లా పోతావు?" అన్నాడు. వాళ్ల నాన్న వాడి నెత్తిన ఒకటి మొట్టాడు. నిజానికి ఆ పూట ఎవరూ అడగని మంచి ప్రశ్న అదే.

బండి మూడో కిక్కుకు అందుకుంది. మళ్లీ ఆగిపోతుందేమోనని భయపడ్డాడో ఏమో, ముగ్గురూ ఎక్కి వెళ్లిపోయారు. దండం లేదు, మాట లేదు. నేను పెట్రోలు కంపుకొట్టే చేతులతో పైపు బిగించుకుంటూ అక్కడే ఉన్నాను. కాసేపు కోపం వచ్చిన మాట నిజం. (ఈ కిటుకు చాలా కొత్త బండ్లకు పనికిరాదు. 2020 ఏప్రిల్ నుంచి, పొగను తగ్గించే బీఎస్-6 నిబంధనలతో వచ్చిన బండ్లలో చాలావాటికి పంపు ట్యాంకులోనే ఉంటుంది, కార్బ్యురేటర్‌కు పోయే ఆ పైపూ ట్యాపూ ఉండవు. మా ఆవిడ కొత్త బండి కొనమనడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.)

ప్రమాదాల దగ్గర ఈ లెక్కలేవీ పెట్టుకోను. అక్కడ ఆగడమే. "సాక్ష్యానికి తిప్పుతారు" అని ఇప్పటికీ అంటారు కానీ, ఆ భయానికి కాలం చెల్లింది. సాయం చేసినవాళ్లను అలా వేధించకూడదని 2016 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకే 134ఎ సెక్షన్ వచ్చింది. గాయపడినవారికి సాయం చేసినవాడు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఇప్పుడైతే కేంద్రం ఇచ్చే బహుమతి పాతిక వేలు. నాలుగేళ్ల కిందట గురజాల దాటాక ఆటో బోల్తా పడితే 108కి ఫోన్ చేసి, తల పగిలిన పెద్దాయన వెంట ఆసుపత్రికి వెళ్లాను. నర్సు రిజిస్టర్ తెరిచి "మీరేమవుతారు?" అంది. ఏమీ కానన్నాను. ఆ గడి ఖాళీగా వదలకూడదట. కాసేపు ఆలోచించి "దారిన పోయేవారు" అని రాసుకుంది. పోలీసుల నుంచి ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. అంతే.

ఇవన్నీ కాదు, నాకు ఇప్పటికీ కొరుకుడు పడనిది ఇంకొకటి.

నిరుడు శీతకాలంలో, చీకటి పడే వేళ, దాచేపల్లి వైపు వస్తుంటే ఒకమ్మాయి స్కూటరు పక్కన నిలబడి ఉంది. వెనక టైరులో గాలి లేదు. ఆగి "ఏమైందమ్మా?" అన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి స్కూటరుకు అవతలి వైపుకు వెళ్లింది. మా ఇద్దరి మధ్య ఇప్పుడు స్కూటరు ఉంది. ఫోన్ చెవికి పెట్టుకుని గట్టిగా, "అన్నయ్యా, దగ్గరికి వచ్చేశావా? సరే, ఇక్కడే ఉన్నా" అంది. ఫోన్ తెర వెలగలేదు.

ఆ మాట నేను వెంటనే గుర్తుపట్టాను. ఇంటర్ చదివే మా అమ్మాయికి నేర్పింది నేనే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక డాక్టరమ్మాయిని చంపేసిన దిశ ఘటన గుర్తున్న ఏ తండ్రైనా నేర్పుతాడు. అక్కడ స్కూటరు టైరు గాలి తీసిందీ, సాయం చేస్తామని వచ్చిందీ ఒకే మనుషులని పోలీసులు చెప్పారు. "ఎవరైనా ఆగితే, నాన్న వచ్చేస్తున్నారని గట్టిగా చెప్పు" అని ఎన్నిసార్లు చెప్పానో. నా పాఠమే నాకు అప్పజెప్పినట్టయింది.

ఇక దిగలేదు. మాకు తెలిసిన పంక్చర్ల కుర్రాడి నంబరు అక్కణ్నుంచే చెప్పి, అతనికి నేనూ ఫోన్ చేసి, వెళ్లిపోయాను. పూర్తిగా వెళ్లిపోవడానికి మనసొప్పలేదు. వంద గజాల అవతల చింతచెట్టు కింద బండి ఆపి, ఆమె కళ్లలో పడకూడదని లైటు ఆర్పి నిలబడ్డాను. ముప్పావు గంట. కుర్రాడు వచ్చి చక్రం విప్పడం చూశాకే కదిలాను. దారంతా నా సంస్కారానికి నేనే మురిసిపోయాను.

వారం తర్వాత టైరుకు గాలి కొట్టించుకుంటుంటే ఆ కుర్రాడే అన్నాడు. "సార్, ఆ రోజు ఆ అమ్మాయి నన్ను చాలాసేపు పోనివ్వలేదు. చింతచెట్టు కింద ఎవడో లైటు ఆర్పి నిలబడ్డాడంట, వాడు మళ్లీ వస్తాడేమో, ఉండన్నా అని ఒకటే బతిమాలడం. నేను వచ్చాకే పోయాడంట దొంగ వెధవ."

నేను వెనక టైరు వైపు చూస్తూ ఉండిపోయాను. గాలి ఎక్కువైందేమో చూడమన్నాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వి నవ్వి, చివరికి పనికొచ్చే మాట ఒకటి చెప్పింది. "మీరు నిలబడటమెందుకు? ఆడమనిషిని పంపండి." అప్పటి నుంచి చీకట్లో ఎవరైనా అమ్మాయి ఒంటరిగా ఉంటే దగ్గర్లోని టీ కొట్టు దాకా వెళ్లి, అక్కడి అమ్మతో చెబుతున్నాను. ఒకామె పాల గిన్నె మీద మూత పెట్టి, గల్లాపెట్టె నన్ను చూసుకోమని, టార్చి తీసుకుని వెళ్లింది. ఆమె వచ్చేలోగా నాలుగు టీలు అమ్మాను.

టీ కొట్టు లేని చోటు కూడా ఉంటుంది కదా. మొన్న కారంపూడి దారిలో అదే జరిగింది. ఈసారి దూరంగానే ఆగాను కానీ లైటు ఆర్పలేదు. ఆ అమ్మాయి ఫోన్ ఎత్తి నా బండిని ఫోటో తీస్తోంది. ఆ దూరానికి నంబరు సరిగ్గా పడదనిపించింది. బండిని కాస్త ముందుకు జరిపి, వెనక ప్లేటు ఆమె వైపు తిరిగేలా స్టాండు వేశాను.