సంతకం పెట్టని కాగితం

బ్యాగులో రెండు జతల బట్టలు, బైబిలు, సంతకం పెట్టని రాజీనామా పత్రం. సామర్లకోటలో రత్నాచల్ ఎక్కినప్పుడు నా సామాను అంతే.

జనవరిలో మా కూటాలకు వచ్చిన ఒక దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నిన్ను సేవకు పిలుస్తున్నాడు, ఆలస్యం చెయ్యకు" అన్నారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. కడుపులో ఉన్నప్పుడే నన్ను దేవుడికి ప్రతిష్ఠించుకుందట. అప్పటి నుంచి సంఘంలో ఎవరు కనబడినా "పాస్టర్ ట్రైనింగ్‌కి ఎప్పుడు?" అనే అడుగుతున్నారు. నేను పదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. పిలుపు నిజమైతే ఆగకూడదు. కాకపోతే? ఆ టెన్షన్‌తో మూడు నెలలు సరిగా నిద్రపోలేదు.

విశాఖ వన్‌టౌన్‌లో బాబాయి, పిన్ని ఉంటారు. బాబాయి రిటైరైన టీచరు, సండేస్కూల్లో పిల్లలకు ఇప్పటికీ వాక్యం చెబుతారు. రాత్రి భోజనాల దగ్గర అంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బైబిల్లోని సమూయేలు సంగతి ఎత్తారు. "దేవుడు పిలిస్తే ఆ పిల్లాడు మూడుసార్లూ యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు కదా. అది దేవుడి స్వరమని ముసలాయనకైనా మూడోసారికి గానీ తెలియలేదు. నిన్నెందుకురా అంత తొందరపెడుతున్నారు?"

ఈ ఊరి సంగతే ఇంకోటి చెప్పారు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలు తెనిగించడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయారు. వాళ్ల సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. "అచ్చు కాగితం కంటితో చూడలేదురా వాళ్లు. నీకు స్టేజీ, మైకు ఎవరూ ఇవ్వకపోయినా చేస్తానన్న పని ఏదో చూసుకో. అక్కడ వెతుకు." ఆ మాట సూటిగా తగిలింది. కలలో నన్ను నేను చూసుకున్నదంతా మైకు ముందే.

తెల్లారి అయిదుకే పిన్ని లేపింది. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఆమె కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు ఇడ్లీలు పంచుతుంది. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చి గోడ పక్కన దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్లు. పొట్లం అందుకున్న ఒకావిడ, కొంగులోంచి నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు తీసి, "బాబూ, ఇందులో ఏటి రాసుంది?" అంది. మడత పడ్డచోట కాగితం చిరిగిపోతోంది. కొడుకుది. హిమోగ్లోబిన్ 6.2. రక్తం ఎక్కించాలన్నారట. అంటే బతకడనే కదా అని రాత్రంతా ఏడ్చిందట. పక్కన కూర్చుని అంకె అంకె చూపించాను. రక్తం తక్కువైంది కాబట్టి ఎక్కిస్తారని, ఎందుకు తగ్గిందో డాక్టర్లు చూస్తారని చెప్పాను. "మా కోడలికి కూడా చెప్పు బాబూ" అని ఫోన్ చేసి ఇచ్చింది. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. పిన్ని తెచ్చిన డబ్బాలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో చూసుకోలేదు.

సాయంత్రం రాస్ హిల్ ఎక్కాను. మాది బాప్టిస్టు కుటుంబం, కొండ మీద మరియమాత గుడి కతోలిక్కులది, అయినా చిన్నప్పటి నుంచి నాకిష్టమైన చోటు. పక్క కొండల మీద ఒకవైపు దర్గా, ఒకవైపు వెంకటేశ్వరస్వామి గుడి. కింద పోర్టు కాలువ, అవతల డాల్ఫిన్స్ నోస్. ఒక ఓడ టగ్గుల వెంట మెల్లగా సముద్రంలోకి పోతోంది. దేవుడు నీనెవె వెళ్లమంటే తప్పించుకోవాలని తర్షీషు ఓడెక్కిన బైబిల్లోని యోనా గుర్తొచ్చి భయమేసింది. ఇక్కడికి రావడం కూడా పారిపోవడమేనా అని మోకాళ్ల మీద చాలాసేపు అడిగాను. స్వరమేమీ వినబడలేదు. నా మాటలు అయిపోయాక మాత్రం ఆవిడ కొడుకు కోసం ప్రార్థన దానంతటదే వచ్చింది, ఆగలేదు.

అమ్మకి ఫోన్ చేసి, ట్రైనింగ్ సంగతి ఇప్పుడే తేల్చను, మా పాస్టర్ అయ్యగారితో కూర్చుని మాట్లాడాక చూద్దాం అన్నాను. కాసేపు మౌనంగా ఉండి, "సరే, నేనూ ప్రార్థన చేస్తాను" అంది.

రైలుకి ఇంకా గంటన్నర ఉంది. స్టేషన్‌కి మాట్లాడుకున్న ఆటోని ముందు కేజీహెచ్ వైపు పోనివ్వమన్నాను.