మంచులో ఉరుము

"అక్కా, ఆగు, మళ్లీ వస్తది చూడు" అంటూ తమ్ముడు ఫోన్‌ను కిటికీ వైపు తిప్పాడు. దేవరకొండలో పొద్దున ఆరున్నర, చేతిలో చాయ్. వాడికి అమెరికాలోని బఫెలోలో రాత్రి ఎనిమిది.

ఫోన్ నిండా దూది దులిపినట్టు మంచు. ఒక్కసారిగా ఆ తెలుపంతా ఊదారంగుకు తిరిగింది. తర్వాత ఉరుము. మన దగ్గరలా పెళపెళమని కాదు, పక్కింట్లో ఎవరో బియ్యం బస్తా దించినట్టు 'దబ్' అని.

వెనక నుంచి అమ్మ "అర్జునా, ఫల్గుణా" అనేసింది. అమెరికా దాకా పనిచేస్తుందో లేదో మరి!

వాడి ఊరి పక్కనున్న ఈరీ సరస్సు నీళ్లు ఇంకా కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, పైనుంచి గడ్డకట్టే గాలి వీస్తే ఇలా అవుతుందట. పడే మంచు చప్పుడును మింగేస్తుంది కాబట్టి నాలుగైదు కిలోమీటర్లు దాటితే ఉరుము వినబడడం కష్టమేనట. అంటే మెరుపు వాడికి దగ్గర్లోనే అన్నమాట. ఆ ముక్క అమ్మకు చెప్పలేదు.

నాకేమో మా రాళ్లవాన గుర్తొచ్చింది. నాయనమ్మ రోకలి తీసి వాకిట్లోకి విసిరింది. మేమిద్దరం నెత్తిన స్టీలు గిన్నెలు బోర్లించుకుని వడగళ్లు ఏరాం. వీడు అన్నిట్లోకి పెద్దది నిక్కరు జేబులో దాచాడు, తెల్లారి బడిలో చూపిస్తానని. రాత్రి జేబు తడిసిపోయి ఉంది, రాయి లేదు. నేనే తిన్నానని నా మీద పడి ఏడ్చాడు.

"ఒకటి జేబులో వేసుకోరా" అన్నాను ఇవాళ.

"ఏంది అక్కా?" అన్నాడు. గుర్తులేదట.

అమ్మ మధ్యలో దూరి, "ముందు ఆ కిటికీ మూయి నాయినా" అంది.