ఆమెన్ అనలేకపోయిన పదకొండు నెలలు

“ఇంకెక్కడైనా గోధుమ తగులుతోందా? బాగా ఆలోచించి చెప్పండి,” అన్నారు డాక్టర్ గారు.

ఆయన చేతిలో నా రక్త పరీక్ష రిపోర్టు ఉంది. అప్పటికి ఆరు నెలలుగా గోధుమ, బార్లీ, రై కలిసినదేదీ నేను నోట్లో పెట్టలేదు. వంటకు గిన్నెలు వేరు, గరిటెలు వేరు. ప్రతి ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవందే ఏదీ కొనేదాన్ని కాదు. అయినా యాంటీబాడీలు తగ్గాల్సినంత తగ్గలేదు.

కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. తర్వాత మెల్లగా చెప్పాను: “చర్చిలో సత్ప్రసాదం తీసుకుంటానండీ. రోజూ పూజకు వెళ్తాను.”

“అది దేంతో చేస్తారు?”

ఆయన మామూలుగానే అడిగారు. ఎగతాళి లేదు, కుతూహలం కూడా లేదు. కానీ నేను తొమ్మిదేళ్లుగా మా కతోలిక చర్చిలో ప్రథమ సత్ప్రసాదానికి, అంటే పూజలో ఇచ్చే పలుచటి రొట్టె బిళ్లను (దాన్ని అప్పం అంటాం) మొదటిసారి స్వీకరించడానికి, పిల్లల్ని సిద్ధం చేస్తున్న మనిషిని. ‘పూజలో గురువు ప్రభువు మాటలు పలికాక ఇది రొట్టె కాదు, క్రీస్తు శరీరం’ అని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. అలాంటి నా నోటి నుంచి “గోధుమ పిండితో” అనే మాట వచ్చింది. ఆయన రాసుకున్నారు. అది మానేయమన్నారు.

నాకున్నది సీలియాక్ వ్యాధి. గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ తిరగబడి చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ మీద వేళ్లలా నిలబడి ఉండే సన్నటి చూషకాలు చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. ఇది బయటపడటానికి ముందు రెండేళ్లు నానా అవస్థ పడ్డాను. విరేచనాలు, కడుపు ఉబ్బరం, తగ్గిపోతున్న బరువు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ కదిలేది కాదు. మొదట చూసిన డాక్టర్ ఇదంతా టెన్షన్ వల్లే అన్నారు. నేనూ అలాగే అనుకుని రోజులు నెట్టుకొచ్చాను. చివరికి ఒక గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ టీటీజీ అనే రక్త పరీక్ష రాశారు. ఎండోస్కోపీ చేసి బయాప్సీ తీశాక అనుమానం తీరిపోయింది. దీనికి మందంటూ లేదు. గ్లూటెన్ పూర్తిగా మానేయడమే చికిత్స.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె పట్టుకున్నది విల్లెం డిక్కె అనే డచ్ పిల్లల డాక్టర్ అని ఆ రోజుల్లో చదివాను. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే వాళ్ల జబ్బు తిరగబెట్టింది. ఆయనకు అంతకుముందే ఉన్న అనుమానం దాంతో గట్టిపడింది. ఆ కథ చదివి పుస్తకం మూసేసి ఏడ్చాను. నేనూ ఆ పిల్లల్లాగే కాబోలు, రొట్టె లేకపోతేనే బాగుపడతాను కాబోలు అనిపించింది. నా మనసులో ఉన్నది వంటింటి రొట్టె కాదు.

డాక్టర్ గారు మానేయమన్న సంగతి చర్చిలో బాగా తెలిసిన ఒక పెద్దమనిషితో చెప్పుకున్నాను. “నిజంగా నమ్మి తీసుకుంటే ఏమీ కాదమ్మా. ప్రభువు శరీరం ఎవరికైనా కీడు చేస్తుందా?” అన్నారు. ఆ మాట నన్ను పట్టేసింది. మర్నాడు పూజలో ఎప్పుడూ లేనంత గట్టిగా ప్రార్థించి నాలుక చాచాను. ఆ రాత్రి మొదలైన కడుపునొప్పి, విరేచనాలు తగ్గడానికి ఆరు రోజులు పట్టింది.

ఆయన దురుద్దేశంతో అనలేదని నాకు తెలుసు. అయినా ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను, ఆ సలహా తప్పు. ఒంటికీ ప్రమాదం, విశ్వాసానికీ ప్రమాదం. ఎందుకంటే ఆ ఆరు రోజులు నొప్పితో ముడుచుకుని పడుకున్నప్పుడు నాకు రెండే దారులు కనిపించాయి. నేను నిజంగా నమ్మకపోయి అయినా ఉండాలి, లేదా ఆ అప్పం ఒట్టి గోధుమ బిళ్లైనా కావాలి. రెండోదే నిజమని నా పేగులు చెబుతున్నాయి. ఇన్నేళ్లూ ‘క్రీస్తు శరీరం’ అని గురువు ఇస్తే “ఆమెన్” అన్నది దేనికి? పిల్లలకు నేర్పింది ఏమిటి?

ఆ తర్వాత పదకొండు నెలలు నేను సత్ప్రసాదం తీసుకోలేదు. మొదట్లో ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పాను. అది నిజమే, కానీ సగం నిజం. ఆదివారం పూజకు వెళ్లి చివరి వరుసలో కూర్చునేదాన్ని. అందరూ లేచి వరుసలో నిలబడితే తల దించుకునేదాన్ని. పిల్లల క్లాసు వేరేవాళ్లకు అప్పగించాను. ఒంట్లో శక్తి లేదన్నాను. నిజానికి ‘ఇది రొట్టె కాదు’ అన్న ఆ వాక్యం వాళ్ల ముందు మళ్లీ పలకలేననిపించింది.

శ్రీసభ మీద, అంటే మా కతోలిక సంఘం మీద, కోపం కూడా వచ్చింది. బియ్యప్పిండితో ఎందుకు చేయకూడదు? వెతికితే 2003 జులై 24న వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం రాసిన లేఖ దొరికింది. సంతకం చేసింది అప్పటి కార్డినల్ రాట్జింగర్, తర్వాత బెనెడిక్ట్ 16వ పోపు అయిన ఆయనే. గ్లూటెన్ బొత్తిగా లేని అప్పం చెల్లదని అందులో ఉంది. 2017లో మరో విభాగం పంపిన లేఖ కూడా అదే చెప్పింది. ప్రభువు గోధుమ రొట్టెను చేతుల్లోకి తీసుకున్నాడు, దాన్ని మార్చే అధికారం మాకు లేదు అన్నదే ఆ నియమం వెనక ఉన్న మాట. తలుపు మూసేసినట్టు అనిపించి అక్కడితో ఆపేశాను. కోపంలో చదివితే అంతే, కింది పేరా కనిపించదు.

కింది పేరా చూపించింది మా విచారణ (పారిష్) గురువులు. పాపసంకీర్తనానికని, అంటే పాపాలు ఒప్పుకోవడానికని, వెళ్లి అసలు విషయం కక్కేశాను.

“ఫాదర్, నాకు నమ్మకం పోయింది. అది నిజంగా ప్రభువు శరీరమైతే నాకు జబ్బు ఎందుకు చేస్తుంది?”

ఆయన కంగారుపడలేదు, మందలించలేదు. “జబ్బు చేయదని నీకు ఎవరు చెప్పారమ్మా?” అని అడిగారు. “శ్రీసభ ఎప్పుడూ ఆ మాట అనలేదే.”

మరుసటి వారం మధ్యయుగపు వేదాంతి పునీత తోమాస్ అక్వినాస్ రాసిన కొన్ని పేజీలు నాతో కలిసి చదివారు. రొట్టె సారం క్రీస్తు శరీరంగా మారుతుంది. రంగు, రుచి, బరువు, ఆకారం మాత్రం రొట్టెవిగానే ఉండిపోతాయి. ఇది నాకు తెలుసు, పిల్లలకు చెప్పాను కూడా. కానీ అక్వినాస్ అక్కడ ఆగలేదు. ఆ మిగిలిన రూపాలు మనిషికి ఆహారంగా పనిచేస్తాయా అని 13వ శతాబ్దంలోనే ప్రశ్న వేసుకున్నాడు. చేస్తాయని జవాబు చెప్పాడు. కొరింతు సంఘంలో కొందరు ప్రభువు భోజనం దగ్గర మత్తెక్కేదాకా తాగారన్న అపొస్తలుడు పౌలు మాటను కూడా అక్కడ తీసుకొచ్చాడు. రొట్టె చేసే పనులన్నీ ఆ రూపాలు చేస్తాయి, ద్రాక్షారసం చేసే పనులన్నీ చేస్తాయి.

“బలం ఇవ్వగలిగింది, మత్తు ఎక్కించగలిగింది, నీలాంటివాళ్లకు కడుపులో మంట కూడా పెట్టగలదు,” అన్నారు ఫాదర్. “నీ పేగులు అబద్ధం చెప్పలేదు. అవి చెప్పగలిగింది అవి చెప్పాయి. సారం సంగతి వాటికి తెలియదు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇన్నాళ్లూ నమ్మింది సత్ప్రసాదాన్నేనా, లేక దాని పేరుతో ఒక మంత్రాన్నా? గురువు మాట పలకగానే గోధుమ గుణం మాయమైపోవాలని, లేకపోతే అంతా అబద్ధమని నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. దేవుడు మనిషిగా పుట్టినప్పుడు ఆకలి వేయని శరీరం తీసుకోలేదు. అలసిపోయాడు, మేకు కొడితే రక్తం కారింది. పోలిక పూర్తిగా సరిపోదని తెలుసు. మహిమ పొందిన ఆయన శరీరానికి ఇప్పుడు నొప్పి లేదు. కానీ మనలోకి రావడానికి ఎంచుకున్న రొట్టె రూపాన్ని కూడా ఆయన సరిదిద్దలేదు. దాని గుణాలన్నీ, నాకు పడనిదాన్ని కూడా, అలాగే ఉండనిచ్చాడు. అంత నిశ్శబ్దంగా, అంత తగ్గి వస్తాడని నేను ఊహించుకోలేదు. చాలా నెలల తర్వాత ఆ రాత్రే నిజంగా ప్రార్థన చేశాను.

ఇక లేఖలోని ఆ కింది పేరా. రొట్టెగా నిలవడానికి చాలినంత, అతి తక్కువ గ్లూటెన్ ఉన్న గోధుమ అప్పం చెల్లుతుంది. అది కూడా పడనివాళ్లు, పూజలో క్రీస్తు రక్తంగా మారే ద్రాక్షారసం రూపంలో మాత్రమే స్వీకరించవచ్చు. తలుపు తెరిచే ఉంది.

అయినా మనసులో ఒక చిన్న ముల్లు మిగిలింది. రక్తం మాత్రమే అంటే నాకు సగమేనా? దీనికి 1551లోనే శ్రీసభ బిషప్పుల ట్రెంట్ మహాసభ జవాబిచ్చింది: రొట్టె రూపంలోనైనా, ద్రాక్షారసం రూపంలోనైనా, వాటి ఏ చిన్న భాగంలోనైనా ఉన్నది పూర్తి క్రీస్తే. మరణం నుంచి లేచినవాడు మళ్లీ చావడు. ఆయన రక్తం ఒకచోట, శరీరం ఒకచోట విడిగా ఉండవు. ఇన్నేళ్లూ అప్పం మాత్రమే తీసుకున్నప్పుడు నాకు సగమే దొరికిందని ఎప్పుడైనా అనుకున్నానా? లేదు కదా.

పదకొండు నెలల తర్వాత వచ్చిన ఆదివారం ఫాదర్ బలిపీఠం మీద నా కోసం ఒక చిన్న పాత్ర విడిగా పెట్టారు. విడిగా ఎందుకో చెప్పాలి. పూజలో అప్పాన్ని విరిచాక గురువు ఒక చిన్న ముక్కను తన పాత్రలో వేస్తారు. కాబట్టి ఆ పాత్ర నాలాంటివాళ్లకు పనికిరాదు. వేరే పాత్ర ఉండాలి, దానికి అప్పం ముట్టుకున్న వేళ్లు తగలకూడదు, మాకు ముందుగా ఇవ్వాలి. ఈ సంగతి తెలియక సత్ప్రసాదానికి దూరమైనవాళ్లు ఉంటారేమోనన్న బాధతోనే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ గురువును అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

“క్రీస్తు రక్తం,” అన్నారు ఫాదర్.

నా గొంతు పెగల్లేదు. ఆయన ఆగారు. వెనక వరుసంతా ఆగింది. ఒక గుక్కలో సగం కూడా ఉండదు, నాలుక మీద ద్రాక్షారసం రుచే తగిలింది. ఆ రుచి ఇప్పుడు నన్ను భయపెట్టలేదు.

తర్వాత మా విచారణకు తక్కువ గ్లూటెన్ అప్పాలు కూడా వచ్చాయి. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని క్లైడ్‌లో బెనెడిక్టీన్ సిస్టర్లు ఏళ్ల తరబడి ప్రయత్నించి అలాంటివి తయారుచేశారు. వాటిలో గ్లూటెన్ 0.01 శాతమే. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఈ జబ్బున్న చాలామందికి హాని చేయదట. మామూలు అప్పం ఒక్కటి ఆ హద్దు దాటిస్తుంది, ఇది దాని దరిదాపులకు కూడా రాదు. డాక్టర్ గారు లెక్క చూసి సరేనన్నారు. అయినా నేను ఎక్కువగా పాత్రకే వెళ్తాను.

మామూలు అప్పం మానేసిన ఏడాదిన్నరకు యాంటీబాడీలు మామూలు స్థాయికి వచ్చాయి. హిమోగ్లోబిన్ పెరిగింది. మళ్లీ చేసిన బయాప్సీలో చూషకాలు లేచి నిలబడ్డాయని డాక్టర్ గారు ఫొటో చూపించారు. గులాబీ రంగులో, గాలికి ఊగే గడ్డిలా ఉన్నాయి. పిల్లల క్లాసుకు తిరిగి వెళ్లాను. రుచి మారదు, బరువు మారదు, మీ కడుపుకు అది రొట్టెలాగే అనిపిస్తుంది అని ఇప్పుడు వాళ్లకు ముందే చెబుతున్నాను.

సందేహం పూర్తిగా పోయిందా అంటే, కొన్ని ఉదయాలు వస్తుంది. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఈ మాటలు కఠినమైనవని చాలామంది శిష్యులు వెళ్లిపోయారు. ప్రభువు వాళ్లను ఆపి మాట మార్చలేదు. మీరూ వెళ్తారా అని పన్నెండుమందిని అడిగితే, నాకంతా అర్థమైందని పేతురు అనలేదు. ఎవరి దగ్గరికి వెళ్తాం ప్రభూ అన్నాడు. అలాంటి ఉదయాల్లో నేనూ ఆ మాటే అంటాను.

నా కళ్లు ఇప్పుడు ప్రతి పూజలోనూ ఒక క్షణం కోసం వెతుకుతాయి. గురువు అప్పాన్ని విరిచి ఆ చిన్న ముక్కను పాత్రలోకి జారవిడిచే క్షణం. ఎన్నో ఏళ్లు బలిపీఠం ఎదుటే కూర్చున్నా దాన్ని నేను గమనించనే లేదు. నేను తాగలేని పాత్ర అది. దాని పక్కనే నా చిన్న పాత్ర ఉంటుంది. మోకాళ్ల మీద నిలబడి రెండింటినీ చూస్తూ ఉంటాను.